మిల్లు వీధికి డీసీ కావాలి

డెల్మా పావెట్టోకి ఒక్క మాట వింటే ఒళ్ళు మండుతుంది. "మీకిది చాలు."

చక్కెర మిల్లు క్యాంటీన్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసింది, అందులో పంతొమ్మిదేళ్ళు యూనియన్ ప్రతినిధి. ఆ పంతొమ్మిదేళ్ళూ మేనేజర్లు బల్లకి అవతల కూచుని చెప్పింది ఆ ఒక్క మాటే. అంతమందికీ ఒక్క ఫ్యాను చాలు. పది నిమిషాల టీ విరామం చాలు. బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్ళ మూతికి ఒక గుడ్డ ముక్క చాలు. ఆ గుడ్డ ముక్క కట్టుకున్నవాళ్ళలో ఆమె మొగుడు నేవియో ఒకడు. ఇప్పుడు డెబ్భై ఒకటో ఏట ముక్కులో గొట్టం పెట్టుకుని, మంచం పక్కన గురగురలాడే ఆక్సిజన్ మిషన్ మీద ఆధారపడి బతుకుతున్నాడు. చాలన్న మేనేజరు గోల్డ్ కోస్ట్‌లో సముద్రం ఒడ్డున గోల్ఫ్ ఆడుకుంటున్నాడు.

అందుకే వాళ్ళ ఊరు మూరీ క్రీక్‌కి ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రీషియన్ షోనా కీహో, స్తంభాల మీద ఎత్తుగా కట్టిన వాళ్ళ ఇంటి కింద నిలబడి, కొత్తగా కొన్న పాత ఎలక్ట్రిక్ కారునీ స్విచ్‌బోర్డునీ మార్చి మార్చి చూసి, "మీకు ఏసీ చార్జర్ పెట్టె చాలు డెల్మా" అన్నప్పుడు, పాపం ఆ పిల్లకి తాను దేన్ని తొక్కిందో తెలియదు.

"చాలంటే?" అంది డెల్మా.

"చాలంటే చాలు. ఏడు కిలోవాట్లు. రాత్రి తగిలిస్తే పొద్దున్నకి కారు నిండుతుంది. రోజూ నువ్వు తిరిగేదెంత?"

"నేనెంత తిరిగితే నీకెందుకు?"

"మందుల షాపుకి, బంతులాడుకునే బౌల్స్ క్లబ్బుకి. పద్దెనిమిది కిలోమీటర్లు. అంతకన్నా తిరగాలంటే సముద్రంలో తిరగాలి."

"ఆల్డో పెట్టించుకున్నది డీసీ కదా?"

ఆల్డో అంటే నేవియో తమ్ముడు. ఊరవతల చెరుకు తోట.

షోనా స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంది. "చూడు. బ్యాటరీలోకి పోయేది ఎప్పుడూ డీసీనే. తీగల్లో వచ్చేది ఏసీ. ఎక్కడో ఒకచోట మార్చాలి. ఏసీ పెట్టె పెడితే మార్చే పని కారు కడుపులో జరుగుతుంది, నెమ్మదిగా. డీసీ పెట్టె పెడితే ఆ పని గోడ మీదే అయిపోతుంది, గబగబా. అంతే తేడా. చెరుకు ఎక్కడ ఆడించినా రసం రసమే."

"గబగబా ఎవడిక్కావాలి? నాకు కావలసింది వెనక్కి. కారులోంచి ఇంట్లోకి. తుఫానొచ్చి కరెంటు పోయినా పైనున్నాయన మిషన్ ఆగకూడదు."

అదీ అసలు సంగతి. పోయిన ఫిబ్రవరి తుఫానుకి నాలుగు రోజులు కరెంటు లేదు. ఇంటికింద పెట్రోలు జనరేటర్ పెట్టారు. దాని పొగ నేల చెక్కల సందుల్లోంచి తిన్నగా నేవియో మంచం దగ్గరికే వచ్చింది. గాలి ఇవ్వవలసిన మిషన్‌కి కరెంటిచ్చి, ఆ గాలినే పాడుచేసింది. పెదాలు నీలంగా మారిన మనిషిని అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తొమ్మిది రోజులకి ఇంటికొచ్చి నేవియో ఒకటే మాటన్నాడు: "ఇంకోసారి కరెంటు పోయిందని నన్ను ఈ ఇంట్లోంచి కదిలిస్తే ఊరుకోను. పోతే ఇక్కడే పోతాను." నేవియో ఎక్కువ మాట్లాడడు. అన్న మాట మాత్రం తప్పడు. మళ్ళీ తుఫానుల కాలం మూడు నెలల్లో ఉంది.

"డీసీ పెట్టె కరెంటుని వెనక్కి తోస్తుంది, నిజమే," అంది షోనా. "కానీ లైన్లో కరెంటు ఉన్నప్పుడే. లైను చచ్చిపోతే ఆ పెట్టె కూడా పడుకుంటుంది. లేకపోతే మీ కరెంటు లైన్లోకి పాకి స్తంభమెక్కిన మనిషి మాడిపోతాడు. పడుకోకుండా ఉండాలంటే ఇంటిని లైను నుంచి విడగొట్టే సరంజామా ఇంకోటి ఉండాలి, ఆ పెట్టెకి సరిపోయేది ఇక్కడింకా అమ్మడమే లేదు. పైగా దానికి త్రీ ఫేజ్ కావాలి. మీ వీధంతా సింగిల్ ఫేజే. అసలు మీ కారుకే ఒక—"

"ఆగు." డెల్మా చెయ్యెత్తింది. "ఆల్డో పొలానికి త్రీ ఫేజ్. మిల్లు వీధికి సింగిల్ ఫేజ్. పొలాలున్నోళ్ళకి డీసీ, కూలోళ్ళకి ఏసీ. అంతేగా?"

"నేనలా అన్లేదు."

"నువ్వనక్కర్లేదు. తీగలే అంటున్నాయి."

షోనా వ్యాను ఎక్కి వెళ్ళిపోయింది. చెప్పవలసినదంతా చెప్పింది, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ చెప్పనివ్వలేదు.

ఆదివారం భోజనానికి మిషన్‌తో సహా ఇద్దరూ ఆల్డో ఇంటికి వెళ్ళారు. ఆల్డో పంపుసెట్టు షెడ్డు గోడ మీద బీరువా అంత డీసీ పెట్టె తెల్లగా వెలిగిపోతోంది. ఆల్డో దాన్ని గుర్రాన్ని నిమిరినట్టు నిమిరాడు.

"వదినా, దీన్ని చార్జర్ అనకు. పవర్ హౌస్ అను."

"కరెంటు పోతే?"

"పోనీ! ఇల్లు మొత్తం నడుస్తుంది. ఫ్రీజరు, ఫ్యాన్లు, పిల్లల టీవీ, అన్నీ."

"నడిపి చూశావా?"

"చూడ్డమెందుకు? పుస్తకంలో ఉంది." తెచ్చి చూపించాడు. నున్నటి కాగితం మీద ఒక కారు, ఒక ఇల్లు, కారులోంచి ఇంట్లోకి ఆకుపచ్చ బాణం. ఇంట్లో నలుగురు మనుషులు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు.

పంతొమ్మిదేళ్ళలో మేనేజరు ఇచ్చిన ఏ కాగితాన్నీ రెండుసార్లు చదవకుండా, నాలుగుసార్లు అడగకుండా నమ్మని డెల్మా, ఆ ఆకుపచ్చ బాణాన్ని నమ్మింది. తనకి చాలని ఎవరో అన్నదాన్ని తప్ప దేన్నైనా నమ్మడానికి ఆ రోజు ఆమె సిద్ధంగా ఉంది. కోపం ఉన్నచోట కళ్ళజోడు పనిచేయదు.

"నువ్వేమంటావు?" అని నేవియోని అడిగింది.

నేవియో పీత కాలు విరుస్తూ, "ఏసీనో డీసీనో... నాకు కావలసింది గాలి" అన్నాడు. అని మళ్ళీ పీత కాలు చూసుకున్నాడు.

ఇక డెల్మా ఉద్యమంలోకి దిగింది. దిగిందంటే ఊళ్ళో కుక్కలు కూడా పక్కకి తప్పుకుంటాయి. "మిల్లు వీధికి డీసీ కావాలి" అని అట్ట మీద రాసి బౌల్స్ క్లబ్బు తలుపుకి కట్టింది. మూడు వందల గడప లేని ఊళ్ళో రెండు వందల పద్నాలుగు సంతకాలు తెచ్చింది. తాగి నడిపి లైసెన్సు పోగొట్టుకున్న కెవ్ ట్రెగీర్ అందరికంటే ముందు సంతకం పెట్టాడు. కారు లేనివాళ్ళు పెట్టారు. డీసీ అంటే కొత్త బస్సు అనుకుని ఒక ముసలావిడ పెట్టింది. డెల్మా అడిగితే పెట్టాలి, అంతే. బాయిలర్ వాళ్ళకి పరిహారం తెచ్చింది ఆమె, క్యాంటీన్‌కి రెండో ఫ్యాను తెచ్చింది ఆమె.

కరెంటు తీగల కంపెనీ ఒక ఇస్త్రీ చొక్కా కుర్రాణ్ణి సభకి పంపింది. వాడు లేచి, ఎవరో నేర్పి పంపినట్టు, "మీ వాడకానికి సింగిల్ ఫేజ్ చాలునని మా అంచనా" అన్నాడు. ఆ తరువాత వాణ్ణి ఎవరూ మాట్లాడనివ్వలేదు.

నెల తిరగకుండా కంపెనీ ఒప్పుకుంది. ఊరు పండగ చేసుకుంది. నిజానికి ఆ వీధి లైను మార్చాలని కంపెనీవాళ్ళు రెండేళ్ళ క్రితమే కాగితం మీద రాసి పెట్టుకున్నారు. ఎలాగూ చేయవలసిన పనిని జనం అడిగితే చేశామని చెప్పుకోవడం వాళ్ళకి లాభం. మనం అడిగితే చేశారని చెప్పుకోవడం మనకి మురిపెం. లోకంలో సగం విజయాలు ఇలాంటివే.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. డెల్మా కళ్ళజోడు పెట్టుకుని మెట్ల మీద కూచుని చదివింది.

"మీ విన్నపము మేరకు మిల్లు వీధి లైనును త్రీ ఫేజ్‌గా మార్చు పనుల నిమిత్తము ఆ వీధికిని, తోటల లైనుకును మంగళవారము ఉదయము 8 గంటల నుండి సాయంత్రము 4 గంటల వరకు విద్యుత్ సరఫరా ఉండదు. గృహములలో ప్రాణాధార యంత్రములు వాడువారు తగు ఏర్పాట్లు చేసుకొనగలరు."

రెండోసారి చదివింది. పైన మిషన్ గురగురలాడుతోంది.

"గెలిచావా?" అని పైనుంచి నేవియో.

"గెలిచాను."

"మరి ఆ గొంతేంటి అలా?"

పైకెళ్ళి ఉత్తరం చదివి వినిపించింది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన అత్యవసర సిలిండర్ మూడు గంటలొస్తుంది. కరెంటు లేనిది ఎనిమిది గంటలు. చిన్నపిల్లలు చేసే తీసివేత. మిగిలేది ఐదు గంటలు గాలి లేని మనిషి.

"ఫోన్ చేసి ఇంకో రోజుకి మార్చమంటాను," అంది.

"రెండొందల పద్నాలుగు మందితో ఏమని చెప్తావు? నీ సమ్మెకి నువ్వే అడ్డం పడ్డావనా?" నేవియోకి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు దగ్గొచ్చింది. "అయినా ఆల్డో దగ్గర పవర్ హౌస్ ఉందిగా."

ఇంట్లోంచి కదలనన్న మనిషి తనంతట తానే అనడంతో డెల్మాకి ప్రాణం లేచొచ్చింది. తమ్ముడి ఇల్లు ఆసుపత్రి కాదు కదా. వీధి తీగల్ని కలపబోయేది ఆల్డో తోటకెళ్ళే లైనుకే, అక్కడా కరెంటు పోతుంది. పోతే ఏం? డీసీ పెట్టె ఉంది. ఆకుపచ్చ బాణం ఉంది.

మంగళవారం ఏడున్నరకి తమ కారులో నేవియోనీ మిషన్‌నీ సిలిండర్‌నీ వేసుకుని వెళ్ళింది. ఆల్డో వరండాలో కుర్చీ వేసి, మెత్తలు పేర్చి, కాఫీ కాచి, పెళ్ళివారికి ఎదురుచూసినట్టు చూస్తున్నాడు. తన కారుని డీసీ పెట్టెకి తగిలించి ఉంచాడు. మిషన్‌ని వరండా సాకెట్‌కి పెట్టారు. గురగుర మొదలైంది.

"ఎనిమిదికి చూడు వదినా. కనురెప్ప కూడా కొట్టదు."

ఎనిమిది కొట్టింది. ఫ్యాను ఆగింది. ఫ్రీజరు ఒక్కసారి ఒణికి ఊరుకుంది. మిషన్ గురగుర ఆగిపోయి కీచుమని అరవడం మొదలెట్టింది. షెడ్డు గోడ మీది పెట్టెకి ఆకుపచ్చ దీపం పోయి, ఎర్రదీపం రెండుసార్లు మిణుక్కుమని, అదీ పోయింది.

డెల్మా చేతులు వాటంతట అవే పనిచేశాయి. గొట్టం తీసి సిలిండర్‌కి తగిలించింది, మర తిప్పింది. నేవియో ఒకసారి గట్టిగా పీల్చి, ఫరవాలేదన్నట్టు వేలు పైకెత్తాడు.

"ఒక్క నిమిషం. లేస్తుంది," అన్నాడు ఆల్డో.

ఒక నిమిషం అయింది. ఐదయ్యాయి. ఆల్డో ఉన్న మీటలన్నీ నొక్కాడు. అరచేత్తో ఒకటిచ్చాడు. పుస్తకం తెచ్చి వెనక పేజీల్లో చీమతలకాయలంత అక్షరాలని వేలు పెట్టి చదివాడు. చదువుతున్న కొద్దీ గొంతు తగ్గింది. "సరఫరా నిలిచిన... సందర్భంలో... భద్రత దృష్ట్యా..."

"ఒరేయ్ ఆల్డో," అన్నాడు నేవియో.

"ఆఁ?"

"నోర్ముయ్."

డెల్మా ఫోన్ తీసింది. ఆమె జీవితంలో మేనేజర్లని ఎదిరించడం సులువు, పోలీసులని ఎదిరించడం సులువు. తాను తరిమేసిన ముప్ఫై నాలుగేళ్ళ పిల్లకి ఫోన్ చెయ్యడం మాత్రం సులువు కాదు. చేసింది. సిలిండర్ ముల్లు ఆమె కోసం ఆగదు కదా.

"షోనా, ఆ పెట్టె పడుకుంది."

అవతల ఎక్కడో పైకప్పు రేకుల మీద అడుగుల చప్పుడు. "పడుకుంటుందని చెప్పాగా."

"చెప్పావు. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"సిలిండర్ ఎంతుంది?"

"రెండు గంటల నలభై నిమిషాలు."

"ఎవరి కారులో వెళ్ళారు?"

"మా కారులోనే."

"అయితే భయం లేదు. డిక్కీ తెరువు. నేల పలక ఎత్తు. నల్లసంచీ ఉండాలి. పాతది కొన్నారుగా, అమ్మినోడు కొట్టేయకపోతే ఉంటుంది."

డెల్మా పలక ఎత్తింది. ఉంది. సంచీలో పిడికిలంత ప్లగ్గు. ఒక కొస కారు చార్జింగ్ మూతికి సరిపోయేది, రెండో కొసన ఏ వంటింట్లోనైనా ఉండే మామూలు సాకెట్టు.

"కారుకి పెట్టు. పక్కన మీట నొక్కు. దీపం వచ్చిందా? ఇప్పుడు తీగ లాగి మిషన్ తగిలించు."

ఆల్డో పరుగున పొడుగు తీగ తెచ్చాడు. మిషన్ ఒక్కసారి దగ్గినట్టు చేసి, గురగురమంది. ఆ చప్పుడుకి పదకొండు నెలలుగా నిద్ర చెడగొట్టుకున్న డెల్మా, ఇప్పుడు వంగి దానికి చెవి పెట్టి వింది.

"వచ్చిందా?" అని ఫోన్లో షోనా.

"వచ్చింది. దీన్లోంచి వచ్చేది డీసీనా?"

"ఏసీ. మార్చే మిషన్ కారు కడుపులో ఉందని చెప్పాగా. మీ కారులో అది రెండు వైపులా మారుస్తుంది. బ్యాటరీ ఎంత నిండింది?"

"తొంభై."

"ఆక్సిజన్ మిషన్ ఒక్కటే అయితే ఆరు రోజులు."

"ఇది ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోతే చెయ్యెత్తావు. నువ్వు చెయ్యెత్తితే మాట్లాడినోళ్ళు ఎవరైనా ఉన్నారా ఈ ఊళ్ళో?"

ఫోన్ పెట్టేసేసరికి ఆల్డో ఇంకో తీగ పట్టుకుని తచ్చాడుతున్నాడు. "వదినా, ఫ్రీజర్లో రొయ్యలున్నాయి, పన్నెండు కిలోలు..."

"నీ పవర్ హౌస్‌కి పెట్టుకో."

నేవియో అప్పుడు నవ్వాడు. ఆ రోజు నాలుగింటికి కరెంటొచ్చేదాకా అప్పుడప్పుడూ నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వుకి గాలి ఎంత ఖర్చయినా డెల్మా ఏమీ అనలేదు.

ఆ వారంలోనే ఆమె షోనాని పిలిచి ఏసీ పెట్టె పెట్టించుకుంది. కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ వీధికి త్రీ ఫేజ్ వచ్చింది. వస్తే వాడుకోవాలి కదా. కెయిర్న్స్ పట్నం నుంచి ఒక వ్యాపారి దిగి, పది ఇళ్ళు కలిస్తే డీసీ పెట్టె, కారు రెండూ కలిపి తగ్గింపు ధర అన్నాడు. ఇరవై ఏడు ఇళ్ళవాళ్ళు పేర్లిచ్చారు. ఆదివారం మధ్యాహ్నం బౌల్స్ క్లబ్బులో విజయోత్సవం. సాసేజీలు, బీరు, బల్ల మీద సంతకం పెట్టాల్సిన ఫారాలు, ఫారాల మీద ఆకుపచ్చ బాణం.

డెల్మా ఆ పేర్ల చిట్టా చూసింది. ఇరవై ఏడింటిలో మూడు ఇళ్ళలో నేవియో మిషన్ లాంటివే ఉన్నాయి. అదే బాయిలర్, అదే గుడ్డ ముక్క. వాళ్ళు ఆ పెట్టె కొనుక్కుంటున్నది తుఫానులో గాలి కోసం. ఆ పెట్టెని వాళ్ళ నెత్తిన పెట్టింది డెల్మా.

"మాట్లాడు డెల్మా!" అని అందరూ చప్పట్లు కొట్టారు. బల్ల ఎక్కింది.

"నేను తప్పు చేశాను," అంది. "డీసీ పెట్టె కొనకండి. కరెంటు పోతే అది పడుకుంటుంది. ఆల్డో ఇంట్లో కళ్ళారా చూశాను. ఏసీ పెట్టె పెట్టించుకోండి. కారు కొనేటప్పుడు మాత్రం బయటికి కరెంటిచ్చే ప్లగ్గు ఉందా లేదా అడగండి. అది లేని కారు తీసుకోకండి."

చప్పట్లు ఆగాయి. పెనం మీద సాసేజీలు చిటపటమంటున్నాయి.

"ఏమన్నావు?" అన్నాడు కెవ్ ట్రెగీర్. "మా చేత సంతకాలు పెట్టించి, మా చేత అరిపించి, తీరా తీగలొచ్చాక వద్దంటావా?"

"వద్దంటున్నాను."

"కంపెనీవాళ్ళు ఎంత ముట్టజెప్పారు డెల్మా?"

ఎవరో నవ్వారు. మిగతావాళ్ళు నవ్వలేదు, అది ఇంకా ఘోరం. "ఏసీ చాలంట మనకి!" అని వెనక నుంచి ఒక గొంతు. మిల్లు మేనేజరు గొంతుని వెక్కిరించినట్టే వెక్కిరించారు ఆమెని. ఆల్డో తలదించుకుని సాసేజీ తిరగేస్తున్నాడు. లేచి, నా పెట్టె పడుకున్న మాట నిజమే అని ఒక్క ముక్క అనొచ్చు. అనలేదు. ఎలా అంటాడు? వ్యాపారిని ఊళ్ళోకి తెచ్చింది అతనే, పెట్టెకింత అని కమీషన్ కూడా మాట్లాడుకున్నాడు.

డెల్మా బల్ల దిగి బయటికొచ్చింది. కారు తలుపు తీస్తుంటే వెనక చెప్పుల చప్పుడు. మోయిరా డన్‌స్టన్. ఆమె మొగుడు స్టాన్, నేవియో పక్క బాయిలర్ దగ్గరే పనిచేశాడు, ఇప్పుడు అదే గొట్టంతో ఉన్నాడు.

"నువ్వు అమ్ముడుపోయావో లేదో నాకు తెలీదు," అంది మోయిరా. ఫారం ఇంకా చేతిలోనే ఉంది, సంతకం లేకుండా. "తెలుసుకోవాలని కూడా లేదు. స్టాన్‌కి గాలి వస్తుందా రాదా, అది చెప్పు."

"చెప్తే ఏం నమ్ముతావు? చూపిస్తాను. ఎక్కు."

డన్‌స్టన్ వాళ్ళ ఇంటికింద కారు ఆపి, ప్లగ్గు పెట్టి, మెట్ల మీదుగా తీగ పైకి లాగింది డెల్మా. మోయిరా లోపలికెళ్ళి మిషన్‌ని ఆ తీగకి తగిలించింది. అప్పుడు డెల్మా ఆ ఇంటి మెయిన్ స్విచ్ ఠక్కున దించింది.

లోపల ఫ్యాను ఆగింది, టీవీ ఆగింది. మిషన్ ఆగలేదు.

"ఒసేయ్ మోయిరా! టీవీలో ఫుట్టీ మ్యాచ్ పోయింది! ఆఖరి పది నిమిషాలే!" లోపల్నుంచి స్టాన్ గొంతు, గొట్టంతో బొంగురుగా. "ఎవరది, స్విచ్ కట్టేసింది?"

"డెల్మా," అంది మోయిరా.

"కంపెనీకి అమ్ముడుపోయిందంటగా. ఇప్పుడే క్లబ్బు నుంచి ఫోనొచ్చింది."

డెల్మా గుమ్మంలో నిలబడింది. "అవునంట. ఊపిరి ఎలా ఉంది స్టాన్?"

స్టాన్ ఒకసారి పీల్చి చూసుకున్నాడు. ఇంకోసారి పీల్చాడు.

"ఊపిరి బాగానే ఉంది," అన్నాడు. "అమ్ముడుపోతే పోయావుగానీ, ఆ టీవీ కూడా దీనికే తగిలించవే."